పాఠశాల క్రీడా జట్లలో లింగ ఆధారిత అర్హత: అమెరికా రాష్ట్రాల చట్టాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో బడి పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఆగస్టు వచ్చిందంటే స్పోర్ట్స్ ఫిజికల్ (ఆటలకు ముందు చేయించే వైద్య పరీక్ష) ఫారాల హడావుడి మొదలవుతుంది. పేరు, వయసు, పుట్టిన తేదీతో పాటు ఆడ, మగ అని రాయాల్సిన చిన్న గడి కూడా అలాంటి ఫారాల్లో ఉంటుంది. ఏళ్ల తరబడి ఎవరూ రెండోసారి చూడని ఆ గడి చుట్టూ 2020 నుంచి ఇరవైకి పైగా రాష్ట్రాలు చట్టాలు చేశాయి, వాటిలో రెండు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ఆ చట్టాల గురించి తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. కోర్టు వ్యవహారాలను 2026 జనవరిలో జరిగిన వాదనల వరకు మాత్రమే తీసుకున్నాం.

ఈ చట్టాలు అసలు ఏం చెబుతున్నాయి?

రాష్ట్రానికో తీరుగా పదాలు మారినా చట్రం దాదాపు ఒక్కటే. ప్రభుత్వ బడి నడిపే ప్రతి జట్టునూ బాలుర జట్టు, బాలికల జట్టు, ఉమ్మడి జట్టు అనే మూడింటిలో ఏదో ఒకటిగా ప్రకటించాలి; బాలికలదని ప్రకటించిన జట్టులో జన్మతః మగవారైన విద్యార్థులు ఆడకూడదు. అంటే పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదై, తర్వాత అమ్మాయిగా జీవిస్తున్న ట్రాన్స్‌జెండర్ బాలికలకు ఆ జట్టులో చోటుండదు. బాలుర జట్టుకు చాలా చట్టాలు ఇలాంటి గీత గీయలేదు.

టైటిల్ నైన్ అని పదే పదే వింటున్నాం. అది దీనికి సంబంధించిందేనా?

మూలం అదే. 1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన విద్యా సవరణల చట్టంలోని తొమ్మిదో భాగమే టైటిల్ నైన్. కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యా కార్యక్రమంలోనూ లింగ ప్రాతిపదికన వివక్ష చూపకూడదని అది చెబుతుంది. ఆ వాక్యంలో ఆటల మాటే లేదు. ఆటల సంగతి 1975 నాటి నిబంధనల్లో వచ్చింది: నైపుణ్యాన్ని బట్టి ఎంపిక జరిగే క్రీడల్లోనూ, కుస్తీ, అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి శరీరాలు తగిలే క్రీడల్లోనూ ఆడ, మగ జట్లను వేరువేరుగా నడపవచ్చని ఆ నిబంధనలు అనుమతించాయి.

దాని ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 1971-72లో దేశం మొత్తం మీద హైస్కూలు జట్లలో ఆడిన అమ్మాయిలు మూడు లక్షలకు కాస్త తక్కువ. ఇప్పుడా సంఖ్య 30 లక్షలు దాటింది. నేటి వివాదంలో ఇరుపక్షాలూ ఇదే చట్టాన్ని పట్టుకుని వాదిస్తున్నాయి. ఒక పక్షం, వేరు జట్లు పెట్టిందే అమ్మాయిలకు గెలిచే అవకాశం దక్కాలని కదా అంటుంది. రెండో పక్షం, ఒక విద్యార్థినిని కేవలం పుట్టినప్పటి లింగాన్ని బట్టి బయట నిలబెట్టడమే ఆ చట్టం నిషేధించిన వివక్ష అంటుంది. 1972లో ఆ వాక్యం రాసినవారి ముందు ఈ ప్రశ్న లేదు. కోర్టులు ఇంతగా చీలిపోవడానికి ప్రధాన కారణం అదేనని మా అభిప్రాయం.

మొదట ఏ రాష్ట్రం ఈ చట్టం చేసింది? ఇప్పుడు ఎన్ని రాష్ట్రాల్లో ఉంది?

ఐడహో మొదటిది. అక్కడి గవర్నర్ బ్రాడ్ లిటిల్ 2020 మార్చి 30న హెచ్‌బీ 500 అనే బిల్లు మీద సంతకం చేశారు. మరుసటి ఏడాది ఫ్లోరిడా, వెస్ట్ వర్జీనియా, టెనెసీ, అలబామా, అర్కన్సా, మిసిసిపీ, టెక్సస్ వరుస కట్టాయి. 2025 నాటికి ఇలాంటి చట్టాలున్న రాష్ట్రాలు 27 అయ్యాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో టెక్సస్, జార్జియా, నార్త్ కరొలైనా, ఒహాయో ఈ జాబితాలో ఉన్నాయి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, ఇల్లినాయ్ లేవు.

ఇదంతా రిపబ్లికన్లు ఒకవైపు, డెమోక్రాట్లు ఒకవైపు అన్నట్లే సాగిందా?

మొత్తం మీద అంతే, కానీ పూర్తిగా కాదు. 2022లో యూటా, ఇండియానా గవర్నర్లు, 2023 డిసెంబరులో ఒహాయో గవర్నర్, ముగ్గురూ రిపబ్లికన్లే అయినా తమ శాసనసభలు పంపిన బిల్లులను వీటో చేశారు. మూడు చోట్లా సభలు ఆ వీటోలను తోసిపుచ్చి చట్టం చేసుకున్నాయి. వీటికి తోడు కాన్సస్, కెంటకీ, నార్త్ కరొలైనాల్లో డెమోక్రాట్ గవర్నర్ల వీటోలకూ అదే గతి పట్టింది.

యూటా గవర్నర్ స్పెన్సర్ కాక్స్ తన వీటో లేఖలో రాసిన లెక్క నేటికీ చర్చల్లో వినిపిస్తుంది. ఆయన రాష్ట్రంలో హైస్కూలు ఆటల్లో పాల్గొనే పిల్లలు 75,000 మంది. వారిలో ట్రాన్స్‌జెండర్ పిల్లలు నలుగురు. ఆ నలుగురిలో బాలికల జట్టులో ఆడుతున్నది ఒక్కరు. అంత తక్కువ మంది ఉన్నప్పుడు చట్టమెందుకని ఒకరు అడిగితే, సంఖ్యతో పనిలేదు, ఓడిన ఒక్క అమ్మాయికి అదే మొత్తం సీజన్ అని మరొకరు బదులిస్తారు. రెండు మాటల్లోనూ బలముంది. ఒకటి మాత్రం చెప్పగలం: అంకెలు చూపించి ఈ వాదనను ఎవరూ ముగించలేకపోయారు.

ఒక విద్యార్థిని అమ్మాయేనని బడి ఎలా తేలుస్తుంది?

తల్లిదండ్రులు చట్టంలో అన్నిటికంటే ముందు చదవాల్సిన భాగం ఇదే. నిషేధం వాక్యాలు ఏ రాష్ట్రం తీసుకున్నా ఒకేలా ఉంటాయి. నిరూపణ వాక్యాలు మాత్రం ఒక్కో చోట ఒక్కో లోకం. నిషేధం తగిలేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందికే గానీ, నిరూపణ భారం బాలికల జట్టులో ఉన్న ఏ అమ్మాయి మీదైనా పడవచ్చు.

ఐడహో చట్టం ప్రకారం ఒక విద్యార్థిని లింగం గురించి వివాదం వస్తే, ఆమె తన సొంత వైద్యుడి సంతకంతో ధ్రువీకరణ తీసుకురావాలి. ఆ వైద్యుడు ఆధారం చేసుకోవాల్సినవి మూడే: పునరుత్పత్తి అవయవాల నిర్మాణం, జన్యువులు, శరీరం సహజంగా తయారు చేసే టెస్టోస్టిరాన్ (పురుష హార్మోన్) స్థాయి. ఆ వివాదాన్ని ఎవరు లేవనెత్తవచ్చో చట్టం పరిమితం చేయలేదు. 2020 ఆగస్టులో ఫెడరల్ జడ్జి ఈ చట్టాన్ని తాత్కాలికంగా నిలిపివేసినప్పుడు ఇది కూడా ప్రస్తావనకు వచ్చింది. టెక్సస్ వైద్య పరీక్ష జోలికి పోకుండా జనన ధ్రువపత్రాన్ని ఆధారంగా తీసుకుంది. ఒహాయోలో 2022లో ప్రతినిధుల సభ ఆమోదించిన ఒక బిల్లులో అనుమానం వస్తే శరీర పరీక్ష జరపాలన్న నిబంధన ఉండేది; దుమారం రేగడంతో తర్వాత అమల్లోకి వచ్చిన చట్టంలో అది మిగల్లేదు.

ఈ నిరూపణ ఆచరణలో ఎలా ఉంటుందో యూటాలో జరిగిన ఒక సంఘటన చెబుతుంది. ఒక పోటీలో ఒక అమ్మాయి భారీ తేడాతో మొదటి స్థానంలో నిలిచింది. రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అమ్మాయిల తల్లిదండ్రులు ఆమె నిజంగా అమ్మాయేనా అని రాష్ట్ర హైస్కూలు క్రీడా సంఘానికి ఫిర్యాదు చేశారు. ఆ సంఘం బడిని అడిగి, ఆ అమ్మాయి రికార్డులను కిండర్‌గార్టెన్ దాకా వెనక్కి తిరగేయించింది. ప్రతి కాగితంలోనూ ఆడపిల్ల అనే ఉంది. ఇబ్బంది కలగకూడదని విచారణ సంగతి ఆ కుటుంబానికి చెప్పనేలేదని సంఘం ప్రతినిధి 2022 ఆగస్టులో శాసనసభ్యుల ముందు వివరించారు. ఆ అమ్మాయి ట్రాన్స్‌జెండర్ కాదు, ఏ నిబంధననూ అతిక్రమించలేదు; ఆమె మీదికి విచారణ తెచ్చింది ఆమె గెలుపే.

మా అమ్మాయి హైదరాబాద్‌లో పుట్టింది, ఇప్పుడు డాలస్ దగ్గర చదువుతోంది. ఏ కాగితం చూపించాలి?

టెక్సస్ చట్టమైన హెచ్‌బీ 25 మీద గవర్నర్ గ్రెగ్ అబట్ 2021 అక్టోబరులో సంతకం చేశారు. 2022 జనవరి 18 నుంచి అది అమల్లో ఉంది. దాని ప్రకారం ఆధారం అధికారిక జనన ధ్రువపత్రం. అందులోని వివరం పుట్టిన సమయంలో లేదా దానికి దగ్గర్లో నమోదైనదై ఉండాలి. రాతలో దొర్లిన తప్పును తర్వాత సరిదిద్దినా చెల్లుతుంది. ధ్రువపత్రం దొరికే పరిస్థితి లేకపోతే లింగాన్ని సరిగా తెలిపే మరో ప్రభుత్వ రికార్డును చూపవచ్చు.

పుట్టిన దేశం ఏదైనా నియమం ఇదే, కాబట్టి మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన పత్రాన్ని వెతికిపెట్టుకోండి. మన పాత పత్రాల్లో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండడం, పేరు ఎక్కించడం ఏళ్ల తర్వాత జరగడం మామూలే. అది వేరే సమస్య. ఇక్కడ చూసేది లింగం వివరం ఎప్పుడు నమోదైందన్నది. అయినా పేరు లేని పత్రం పట్టుకుని బడికి వెళ్లడం కంటే, ఇండియాకు వెళ్లినప్పుడు ఆ పని పూర్తి చేసుకుని రావడం మేలు.

అమ్మాయిలు అబ్బాయిల జట్టులో ఆడవచ్చా?

చాలా రాష్ట్రాల్లో ఆడవచ్చు. టెక్సస్ మాత్రం ఒక షరతు పెట్టింది: అదే క్రీడలో బాలికలకు ప్రత్యేక జట్టు గానీ పోటీ గానీ లేనప్పుడే అమ్మాయి బాలుర జట్టులో చేరవచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాలనుకునే అమ్మాయిలకు ఈ వెసులుబాటే ఆధారం.

తిరగేసి అడిగితే, అంటే అబ్బాయి అబ్బాయిగానే బాలికల జట్టులో ఆడటం, మసాచుసెట్స్‌లో ఎప్పటి నుంచో ఉంది. ఆ రాష్ట్ర రాజ్యాంగంలోని సమాన హక్కుల సవరణను బట్టి 1979లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఫలితంగా, బాలురకు ఫీల్డ్ హాకీ జట్టు లేని బడుల్లో అబ్బాయిలు బాలికల జట్టులోనే హాకీ ఆడుతుంటారు. ధ్యాన్‌చంద్ దేశం నుంచి వెళ్లిన మనకు హాకీ అంటే ముందు మగవాళ్ల ఆటే గుర్తొస్తుంది గానీ, అమెరికా బడుల్లో అది ప్రధానంగా అమ్మాయిల ఆట.

పుట్టినప్పుడు అమ్మాయిగా నమోదై, ఇప్పుడు అబ్బాయిగా జీవిస్తున్న విద్యార్థి ఏ జట్టులో ఆడాలి?

ఎక్కువ రాష్ట్రాల్లో బాలుర జట్టు తలుపు మూసి లేదు. కానీ జనన ధ్రువపత్రాన్ని రెండు వైపులా వర్తింపజేస్తే ఏమవుతుందో టెక్సస్‌లో చట్టానికి ముందే కనిపించింది. అక్కడి హైస్కూలు క్రీడలను నడిపే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ అప్పటికే ధ్రువపత్రం నియమాన్ని పాటిస్తోంది. వైద్యుల సలహాతో టెస్టోస్టిరాన్ తీసుకుంటున్న ఒక ట్రాన్స్‌జెండర్ అబ్బాయి కుస్తీలో బాలురతో పోటీ పడాలని కోరుకున్నా, కాగితం మీద ఆడపిల్ల అని ఉన్నందున బాలికల విభాగంలోనే దిగాల్సి వచ్చింది. 2017లోనూ, 2018లోనూ రాష్ట్ర టైటిల్ అతనిదే. ఆ ఫలితం ఎవరికీ నచ్చలేదు: అతనికీ నచ్చలేదు, అతనితో తలపడిన అమ్మాయిల తల్లిదండ్రులకూ నచ్చలేదు.

ఆడ, మగ శరీరాల మధ్య తేడా నిజంగా అంత ఉంటుందా?

యవ్వనం వచ్చాక ఉంటుంది, అందులో సందేహం లేదు. ప్రపంచస్థాయి పరుగు పందేల్లో పురుషులు, మహిళల ఉత్తమ సమయాల మధ్య తేడా సుమారు 10 నుంచి 12 శాతం; గెంతే, ఎత్తే క్రీడల్లో అంతకంటే ఎక్కువ. ఎత్తు, ఎముకల పొడవు, కండరాలు, హిమోగ్లోబిన్, అన్నిటి వెనకా యవ్వనంలో పెరిగే టెస్టోస్టిరాన్ ఉంది. ఆ తర్వాత మందులతో దాన్ని తగ్గిస్తే బలం కొంత తగ్గుతుంది గానీ పెరిగిన ఎత్తు తగ్గదు.

వివాదమంతా రెండు చోట్ల. ఒకటి, యవ్వనానికి ముందు వయసు: ఆ వయసులో తేడా స్వల్పమే, కానీ ఆ స్వల్పం కూడా లెక్కలోకి తీసుకోవాలా వద్దా? రెండు, మగ యవ్వనం రాకుండానే మందులతో ఆపినవారు: వారికి ఆ అదనపు బలం ఉన్నట్లా, లేనట్లా? చాలా చట్టాలు ఈ రెండింటినీ విడిగా చూడలేదు. ఏడో తరగతి క్రాస్ కంట్రీ పరుగుకూ, విశ్వవిద్యాలయ వెయిట్‌లిఫ్టింగ్‌కూ ఒకే వాక్యం వర్తింపజేశాయి. అమలు చేయడానికి అది తేలిక, నిజమే. కానీ క్రీడను బట్టీ, వయసును బట్టీ గీత గీసే శ్రమను శాసనసభలు తప్పించుకున్నాయని మాకనిపిస్తుంది.

సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసులు ఏమిటి?

రెండు. ఒకటి ఐడహో చట్టం మీద, లిటిల్ వర్సెస్ హెకాక్స్. బోయిసీ స్టేట్ యూనివర్సిటీలో పరుగు జట్టుకు ఎంపిక కావాలనుకున్న ఒక ట్రాన్స్‌జెండర్ విద్యార్థిని వేసిన వ్యాజ్యమిది. చట్టాన్ని నిలిపివేసిన ఉత్తర్వును తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు సమర్థించింది. ఆ తర్వాత ఆమె 2025 సెప్టెంబరులో కేసు విరమించుకుంటానని కోరారు. సుప్రీంకోర్టు ఆ సంగతి తర్వాత తేలుస్తామని చెప్పి వాదనలు విన్నది.

రెండోది వెస్ట్ వర్జీనియా వర్సెస్ బీపీజే. కేసు వేసిన ట్రాన్స్‌జెండర్ బాలిక మైనర్ కాబట్టి కోర్టు పత్రాల్లో పొడి అక్షరాలే వాడారు. 2021లో కేసు వేసేనాటికి ఆమె వయసు 11 ఏళ్లు. మిడిల్ స్కూల్ క్రాస్ కంట్రీ జట్టులో పరుగెత్తాలన్నది కోరిక. మగ యవ్వనం రాకుండా ఆమె మందులు వాడింది. 2024 ఏప్రిల్‌లో నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, ఆమె విషయంలో ఈ చట్టాన్ని అమలు చేయడం టైటిల్ నైన్‌కు విరుద్ధమని 2-1 తేడాతో చెప్పింది.

రాష్ట్రాల అప్పీళ్లను 2025 జులైలో స్వీకరించిన సుప్రీంకోర్టు, రెండింటి మీదా 2026 జనవరి 13న వాదనలు విన్నది. ప్రశ్నలు కూడా రెండే: ఇలాంటి చట్టం 14వ రాజ్యాంగ సవరణ హామీ ఇచ్చిన సమాన రక్షణను ఉల్లంఘిస్తుందా, టైటిల్ నైన్‌ను ఉల్లంఘిస్తుందా. ఒక మెలిక గమనించండి. రాష్ట్రం ఇలాంటి చట్టం చేయవచ్చా అన్నది ఒక ప్రశ్న; ప్రతి రాష్ట్రమూ చేసి తీరాలా అన్నది వేరే ప్రశ్న. ఈ కేసులు అడిగింది మొదటిదే.

ఫెడరల్ ప్రభుత్వం ఎటువైపు ఉంది?

అధ్యక్షుడు మారితే వైపు మారింది. బైడెన్ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో, గంపగుత్త నిషేధాలు వద్దు, కొన్ని సందర్భాల్లో పరిమితులు పెట్టుకోవచ్చు అనే మధ్యేమార్గ నిబంధనను ప్రతిపాదించి, 2024 డిసెంబరులో దాన్ని ఉపసంహరించుకుంది. ట్రంప్ 2025 ఫిబ్రవరి 5న జారీ చేసిన కార్యనిర్వాహక ఉత్తర్వు, ట్రాన్స్‌జెండర్ బాలికలను బాలికల క్రీడల్లో ఆడనిచ్చే విద్యాసంస్థలకు ఫెడరల్ నిధులు ఆపాలని ఆదేశించింది. అదే నెలలో వైట్‌హౌస్‌లో గవర్నర్ల సమావేశంలో ట్రంప్ దీనిపై నిలదీస్తే, మెయిన్ రాష్ట్ర గవర్నర్ జానెట్ మిల్స్ కోర్టులో కలుద్దామని అందరి ముందే బదులిచ్చారు. ఏప్రిల్‌లో న్యాయశాఖ మెయిన్ మీద, జులైలో కాలిఫోర్నియా మీద దావా వేసింది.

కాంగ్రెస్ మాత్రం చట్టం చేయలేదు. 2025 జనవరిలో ప్రతినిధుల సభ 218-206తో ఆమోదించిన బిల్లు, మార్చిలో సెనేట్‌లో చర్చకు కావాల్సిన 60 ఓట్లు రాక 51-45 దగ్గర ఆగిపోయింది.

మేం కాలిఫోర్నియాలో ఉంటాం. ఇక్కడ సంగతేమిటి?

అక్కడ చట్టం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. 2013లో చేసి 2014 జనవరి 1 నుంచి అమలు చేస్తున్న ఏబీ 1266 ప్రకారం, బడి రికార్డుల్లో ఏమున్నా విద్యార్థి తన లింగ గుర్తింపుకు తగిన జట్టులో ఆడవచ్చు. 2025 మే నెలలో క్లోవిస్‌లో జరిగిన రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీల్లో నిర్వాహకులు ఒక కొత్త పద్ధతి పెట్టారు: ఒక ట్రాన్స్‌జెండర్ బాలిక పాల్గొన్న జంప్ ఈవెంట్లలో అదనపు చోటు కల్పించి, ఆమె ఏ స్థానంలో నిలిచినా ఆమె వెనక వచ్చిన అమ్మాయికీ అదే స్థానం ఇచ్చారు. పతకాల బల్ల మీద ఇద్దరూ ఒకే మెట్టుపై నిలబడ్డారు. ఇది ఇరుపక్షాలకూ నచ్చలేదు గానీ, ఎవరినీ బయటకు పంపకుండా చేసిన ప్రయత్నంగా చెప్పుకోదగ్గది.

ప్రైవేటు అకాడమీలకు, తెలుగు సంఘాల టోర్నమెంట్లకు ఇవి వర్తిస్తాయా?

వర్తించవు. ఇవి బడి, కళాశాల జట్లకు సంబంధించిన చట్టాలు. వారాంతపు బ్యాడ్మింటన్ అకాడమీకి, తానా లేదా ఆటా నడిపే వాలీబాల్ పోటీలకు ఆ నిర్వాహకుల నియమాలే ఉంటాయి. అయితే ఐడహోలో ప్రభుత్వ బడులతో పోటీ పడే ప్రైవేటు బడులు కూడా చట్టం పరిధిలోకి వస్తాయి.

కళాశాలకు వెళ్తే?

టెక్సస్ 2023లో చేసిన ఎస్‌బీ 15 ప్రభుత్వ కళాశాలలకూ ఇదే నియమాన్ని పొడిగించింది. దేశవ్యాప్తంగా చూస్తే, కళాశాలల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ 2025 ఫిబ్రవరి 6న, అంటే ట్రంప్ ఉత్తర్వు వచ్చిన మర్నాడే, పుట్టినప్పుడు ఆడవారిగా నమోదైనవారికే మహిళల పోటీలు పరిమితం చేసింది. ఆ సంస్థ అధ్యక్షుడు చార్లీ బేకర్ అంతకు రెండు నెలల ముందు సెనేట్ కమిటీకి చెప్పిన ప్రకారం, 5,10,000 మంది క్రీడాకారుల్లో తనకు తెలిసిన ట్రాన్స్‌జెండర్ క్రీడాకారులు పది మంది కంటే తక్కువ.

భారతదేశంలో ఇలాంటి చట్టం ఉందా?

బడి జట్ల గురించి ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టంలోని 13వ సెక్షన్, విద్యాసంస్థలు వారికి వివక్ష లేకుండా క్రీడావకాశాలు కల్పించాలంటుంది. ఏ జట్టులో అన్నది చెప్పదు. మన స్కూల్ గేమ్స్‌లో అర్హత గొడవ అంటే ఇప్పటికీ వయసు గొడవే: అండర్ 14లో ఆడుతున్న కుర్రాడికి మీసాలొచ్చాయన్న ఫిర్యాదులే ఎక్కువ.

కానీ ఆడతనాన్ని నిరూపించుకోమనడం ఎలా ఉంటుందో మన దగ్గర తెలియనిది కాదు. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచిన తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరరాజన్, లింగ పరీక్ష తర్వాత ఆ పతకాన్ని పోగొట్టుకుంది. హైదరాబాద్‌లో నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ పొందిన ఒడిశా పరుగురాణి ద్యుతీ చంద్‌ను, శరీరంలో సహజంగా టెస్టోస్టిరాన్ ఎక్కువ ఉందంటూ 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు ముందు జట్టు నుంచి తప్పించారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జులైలో ఆ టెస్టోస్టిరాన్ నిబంధన అమలు ఆగింది. 2016లో రియోలో పరుగెత్తింది. ఈ ఇద్దరూ ట్రాన్స్‌జెండర్లు కారు, పుట్టుక నుంచీ ఆడపిల్లలుగానే పెరిగినవారు. లింగ నిరూపణ నియమం ఎవరిని ఉద్దేశించి రాసినా ఎవరి గుమ్మం తొక్కుతుందో ముందే చెప్పలేమనడానికి మన దగ్గరే ఉన్న రుజువులివి.

ఎవరైనా మా అమ్మాయి మీద ఫిర్యాదు చేస్తే ఏం చేయాలి?

ముందుగా ఫిర్యాదు ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద వచ్చిందో, ఏ ఆధారం కోరుతున్నారో బడిని రాతపూర్వకంగా అడగండి. మీ రాష్ట్రం కాగితంతో సరిపెడుతుందా, వైద్యుడి ధ్రువీకరణ అడుగుతుందా అన్నది ఆ సెక్షన్‌లోనే ఉంటుంది. కాగితం చాలనే రాష్ట్రంలో కోచ్ నోటిమాటగా వైద్య పరీక్ష చేయించమంటే ఒప్పుకోనక్కర్లేదు. పరీక్షకు సమ్మతి పత్రం ఇస్తే ఇంటికి తెచ్చుకుని న్యాయవాదికి చూపించాకే సంతకం పెట్టండి. అమ్మాయితో బడిలోనే సంతకం చేయించుకునే పరిస్థితి రానివ్వకండి. ఫిర్యాదు సందర్భంగా బడి ఏ రికార్డులు తీసిందో చూడాలనుకుంటే, విద్యార్థుల రికార్డుల గోప్యతకు సంబంధించిన 1974 నాటి ఫెడరల్ చట్టం కింద తల్లిదండ్రులు తమ బిడ్డ రికార్డుల కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తు అందిన 45 రోజుల్లోపు బడి వాటిని చూపించాలి.